అత్తయ్యగారి ఫోటో కోసం ఒక పాత లెన్సు

మా అమ్మ పోయినప్పుడు పెద్దకర్మకి పటం కట్టించాలంటే ఫోటో కావలసి వచ్చింది. బీరువా, ట్రంకుపెట్టె, పాత సూట్‌కేసులు అన్నీ వెతికాం. అరవై ఎనిమిదేళ్ళు బతికిన మనిషికి విడిగా తీసిన ఫోటో ఒక్కటి లేదు. ఆధార్ కార్డులో ఉన్నది మా అమ్మేనని మేం చెప్తే తప్ప ఎవరూ నమ్మరు. చివరికి మా తమ్ముడి పెళ్ళి ఆల్బమ్‌లో ఒక మూల, పళ్ళెం పట్టుకుని పక్కకి చూస్తూ నిలబడ్డ అమ్మ దొరికింది. స్టూడియో అబ్బాయి ఆ ఫోటోలోంచి అమ్మని కత్తిరించి, చేతిలో పళ్ళెం తుడిచేసి, భుజానికి అడ్డొచ్చిన ఎవరిదో చెయ్యి తీసేసి, ఆ ఖాళీ కనబడకుండా కంప్యూటర్లో ఒక ఆకుపచ్చ పట్టుచీర కట్టబెట్టి ఇచ్చాడు. మా అమ్మకి ఆకుపచ్చ పట్టుచీర ఎప్పుడూ లేదు. ఆ పటం ఇప్పటికీ తమ్ముడి ఇంట్లో హాల్లో ఉంది. వెళ్ళినప్పుడల్లా నా కళ్ళు ముందు ఆ చీర మీదికే పోతాయి.

అందుకే, నవ్వకండి, నలభై ఆరేళ్ళ వయసులో నేనో కెమెరా కొన్నాను. మా అత్తయ్యగారికి డెబ్భై తొమ్మిది. ఆవిడకీ విడిగా ఫోటో లేదు. ఈ మాట పైకి అనలేం కదా! "అత్తయ్యా, మీకో మంచి ఫోటో తీసిపెట్టుకుందాం" అంటే అది దేనికో ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. కాబట్టి ఫోటోగ్రఫీ సరదాగా నేర్చుకుంటున్నానని ఇంట్లో చెప్పాను. తర్వాత నిజంగానే సరదా అయి కూర్చుంది, అది వేరే సంగతి.

"ఫోన్ ఉందిగా, దానికి మూడు కెమెరాలున్నాయి" అన్నారు మా వారు. ఉన్నాయి. ఫోన్ ఫోటోలు బాగుండవని నేననను, సగం సందర్భాల్లో నా కెమెరా కంటే అదే నయం. కానీ మా ఫోన్ అత్తయ్యగారి మొహం మీద ముడతలన్నీ తనంతట తనే ఇస్త్రీ చేసేస్తుంది. చిన్నప్పుడు కుంపట్లో నిప్పు ఎగిరిపడి చెంప మీద మిగిలిన మచ్చ కూడా సగం మాయం చేసింది. నాకు వెంటనే ఆ ఆకుపచ్చ పట్టుచీర గుర్తొచ్చింది. అడక్కుండా బాగుచేసి పెట్టే యంత్రం వద్దనుకున్నాను.

మా అమ్మాయి ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. "ఇప్పుడు డీఎస్ఎల్ఆర్ ఎవరు కొంటారమ్మా, అందరూ మిర్రర్‌లెస్‌కి వెళ్ళిపోతున్నారు" అంది. అందరూ వెళ్ళిపోతున్నారంటే పాతవి అమ్ముకుంటున్నారన్నమాట! పాత చీరలిచ్చి స్టీలు గిన్నెలు బేరమాడే ప్రాణం నాది, ఊరుకుంటుందా? మా పక్క కాలనీలో ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయి దగ్గర నికాన్ డి5300, దాంతో వచ్చిన 18-55 లెన్సు కలిపి 18 వేలకి దొరికాయి. 2013లో వచ్చిన మోడల్. స్కూటర్‌కి మీటర్ ఉన్నట్టే కెమెరా షట్టర్‌కీ లెక్క ఉంటుందట. తీసిన ఫోటో ఫైల్లోనే ఆ అంకె దాగి ఉంటుంది. మా అమ్మాయి అక్కడికక్కడే ఒక ఫోటో తీసి చూసింది. పదకొండు వేల చిల్లర. అంటే ఆ అబ్బాయి దాన్ని పెద్దగా వాడనే లేదు. ఒక గోవా, ఒక పెళ్ళి, ఆ తర్వాత బీరువా. సెకండ్ హ్యాండ్ కొనే వాళ్ళెవరైనా ఉంటే ఈ అంకె అడగడం మర్చిపోకండి.

"ఎన్ని మెగాపిక్సెల్స్?" అని అడగని చుట్టం లేడు. 24. కానీ ఈ మెగాపిక్సెల్స్ కథ ఎక్కడ మొదలైందో తెలుసుకున్నాక నాకు ఆ అంకె మీద భక్తి పోయింది. 1975లో అమెరికాలో కొడాక్ కంపెనీలో స్టీవెన్ సాసన్ అనే కుర్ర ఇంజనీరు మొదటి డిజిటల్ కెమెరా తయారుచేశాడు. బరువు మూడున్నర కిలోల పైమాటే. అడ్డంగా వంద చుక్కలు, నిలువుగా వంద, మొత్తం పది వేల చుక్కల నలుపు తెలుపు బొమ్మ. అది క్యాసెట్ టేపు మీదికి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. ఫిల్ము అమ్ముకుని బతికే కంపెనీకి ఫిల్ము అక్కర్లేని కెమెరా ఏం రుచిస్తుంది? అయినా 1991లో వృత్తి ఫోటోగ్రాఫర్ల కోసం మొదటి డిజిటల్ ఎస్ఎల్ఆర్ అమ్మింది కూడా కొడాకే. నికాన్ ఎఫ్3 కెమెరాకి తన సామాను తగిలించి, బొమ్మలు దాచుకునే పెట్టెని విడిగా భుజాన తగిలించుకోమంది. 1.3 మెగాపిక్సెల్స్. 1999లో నికాన్ డి1 వచ్చింది, 2.7 మెగాపిక్సెల్స్, ధర అయిదు వేల డాలర్ల పైన. పత్రికల ఫోటోగ్రాఫర్లు ఆ డి1తో తీసిన ఫోటోలే మనం పేపర్లో చూశాం. 2003లో కానన్ 300డి ఆరు మెగాపిక్సెల్స్‌తో వెయ్యి డాలర్ల లోపు వచ్చాకే ఇది సరదాగా ఫోటోలు తీసుకునే వాళ్ళ చేతికందింది.

మనం ఆల్బమ్‌లో పెట్టుకునే నాలుగు బై ఆరు ప్రింటుకి రెండు మెగాపిక్సెల్స్ పైచిలుకు చాలు. గోడకి కట్టే పటానికి ఎనిమిదో పదో ఉంటే ఎక్కువ. 24 ఉన్నాయని మురిసిపోవడం, నలుగురున్న ఇంట్లో వంద మందికి సరిపడే గంగాళం ఉందని మురిసిపోవడం లాంటిదే.

డీఎస్ఎల్ఆర్ అనే పేరులో నాకు నచ్చింది డి కాదు, మిగిలిన మూడక్షరాలు. లెన్సులోంచి వచ్చిన బొమ్మ లోపల ఏటవాలుగా ఉన్న అద్దం మీద పడి, అక్కడినుంచి పైకి వెళ్ళి, మన కంటికి చేరుతుంది. బటన్ నొక్కగానే అద్దం లేస్తుంది, షట్టర్ తెరుచుకుని మూసుకుంటుంది, అద్దం మళ్ళీ వాలుతుంది. ఆ టక్‌మనే చప్పుడు దానిదే. ఈ ఆలోచనకి 1861లోనే ఇంగ్లండులో థామస్ సటన్ అనే ఆయన పేటెంటు తీసుకున్నాడు. కానీ చాలాకాలం కెమెరాని బొడ్డు దగ్గర పెట్టుకుని తల వంచి చూడాల్సి వచ్చేది, కుడి ఎడమలు తారుమారుగా కనపడేవి. 1949లో జర్మనీలో వచ్చిన కాంటాక్స్ ఎస్‌లో అయిదు పలకల గాజు దిమ్మ పెట్టారు, దాంతో కంటి దగ్గర పెట్టుకుని సరిగ్గా చూడటం కుదిరింది. లేచిన అద్దం దానంతటదే వాలడం 1954లో జపాన్‌వాళ్ళ అసాహీఫ్లెక్స్‌తో వాడుకలోకి వచ్చింది. అంతకుముందు చాలా కెమెరాల్లో ఒక ఫోటో తీస్తే మళ్ళీ రీలు తిప్పేదాకా కంటికి చీకటే. నా కెమెరాలో గాజు దిమ్మ లేదు లెండి, ఖరీదు తక్కువ వాటిలో దాని బదులు చిన్న అద్దాలు పెడతారు. అందుకే లోపలికి చూస్తే కాస్త చీకటిగా ఉంటుంది. అయినా అక్కడ కనపడేది తెర మీద బొమ్మ కాదు, నిజంగా ఎదురుగా ఉన్న మనిషే. ఆ తేడా చెప్తే మా అమ్మాయి ఒప్పుకోదు.

ఇంతా చేసి, మొదటి వారంలో నేను తీసిన అత్తయ్యగారి ఫోటోలు ఒక్కటీ పనికిరాలేదు. ఆవిడ ఖాళీగా కూర్చునే మనిషి కాదు. దూది వత్తులు చేస్తుంటారు, చిక్కుళ్ళు ఈనెలు తీస్తుంటారు, ఏమీ లేకపోతే కొంగు మడతలు సరిచేసుకుంటుంటారు. మా హాల్లో ట్యూబ్‌లైటు వెలుతురుకి షట్టర్ సెకనులో ఎనిమిదో వంతు తెరుచుకుని ఉంటేగానీ బొమ్మ పడటం లేదు, ఆలోగా ఆవిడ చేతులు, మొహం చెదిరిపోతున్నాయి. ఐఎస్ఓ పెంచితే బొంబాయి రవ్వ చల్లినట్టు చుక్కలు. ఫ్లాష్ వేస్తే రేషన్ కార్డు మొహం. కెమెరా మంచిదే, మా ఇంట్లో వెలుతురే చాలదని అప్పుడర్థమైంది.

ఈ బాధ నా ఒక్కదానిదే కాదు, ఫోటోగ్రఫీకి పుట్టుకతో వచ్చిందే. 1839లో ఫ్రాన్సులో డాగర్ తన పద్ధతిని లోకానికి చూపించినప్పుడు మనిషి బొమ్మ తీయాలంటే ఎండలో నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవాలి. తల కదలకుండా వెనకనుంచి ఇనప కొక్కెం పెట్టేవాళ్ళు. దీనికి దారి చూపించినవాడు వియన్నాలో లెక్కల మాస్టారు, జోసెఫ్ పెట్జ్‌వాల్. అప్పటిదాకా అద్దాలు అరగదీసి చూసి, బాగుంటే ఉంచి, లేకపోతే మళ్ళీ అరగదీసేవారు. ఈయన ముందు కాగితం మీద లెక్క కట్టాడు. ఆ లెక్కలు ఒక్కడివల్ల అయ్యేవి కావు కాబట్టి, అక్కడి రాజకుటుంబీకుడొకాయన ఫిరంగి దళంలో లెక్కలు బాగా వచ్చిన సైనికుల్ని ఆయనకి సాయంగా పంపించాడట. ఫిరంగి గుండు ఎక్కడ పడుతుందో లెక్కగట్టే వాళ్ళు కూర్చుని, వెలుతురు ఎక్కడ పడుతుందో లెక్కగట్టారు! 1840లో తయారైన ఆ లెన్సు పాతవాటికంటే పది రెట్లకు పైగా వెలుతురుని లోపలికి రానిచ్చింది. నిమిషాలు సెకన్లయ్యాయి. ఆ లెన్సుని తయారుచేసి అమ్మిన ఫాక్ట్‌లెండర్ కంపెనీ బాగా సంపాదించింది, పెట్జ్‌వాల్‌కి మాత్రం ఒక్కసారి ఇచ్చిన డబ్బుతో సరి. తర్వాత ఇద్దరికీ పెద్ద తగువైంది. బొమ్మ మధ్యలో మొహం స్పష్టంగా, అంచులు మసగ్గా రావడం ఆ లెన్సు లక్షణం. ఇవాళ ఫోన్లలో 'పోర్ట్రెయిట్' అని నొక్కితే వచ్చే ఆ వెనక మసక, మొదట ఆ మాస్టారి లెన్సులో తప్పనిసరిగా వచ్చిన లోపం.

ఈ కథ చదివాకే నాకు లెన్సు మీద రాసి ఉండే అంకెలు బోధపడ్డాయి. కెమెరాతో వచ్చిన నా 18-55 లెన్సుని మొహం దగ్గరగా కనిపించేట్టు తిప్పితే అది ఎఫ్ 5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు. అదే 50 ఎంఎం, ఎఫ్ 1.8 అనే చిన్న లెన్సు ఉంది. అంకె తగ్గితే కిటికీ పెద్దదన్నమాట. 5.6 ఎక్కడ, 1.8 ఎక్కడ! లెక్క కడితే దాదాపు తొమ్మిదిన్నర రెట్లు ఎక్కువ వెలుతురు. ఎనిమిదో వంతు సెకను కాస్తా డెబ్భై అయిదో వంతు అవుతుంది. వత్తులు చేసే చేతులు నిలిచిపోతాయి. దీనికి జూమ్ లేదు, దగ్గరికి రావాలంటే మనమే నడవాలి. నాకు అదేం కష్టం కాదు, రోజంతా ఆ వంటింటికీ హాలుకీ మధ్య నడుస్తూనే ఉన్నాను.

కొత్తది కొనకుండా మళ్ళీ పాతదాని కోసమే వెతికాను. కోఠీలో ఒక పాత కెమెరాల కొట్లో దొరికింది. పాత లెన్సు కొనేటప్పుడు దీపానికి ఎదురుగా పెట్టి లోపలికి చూడాలి. సాలెగూడులా సన్నటి దారాలు కనపడితే అది బూజు, వదిలేయండి. మన వానాకాలం తేమకి తోలు సంచుల్లో పెట్టిన లెన్సులు బూజు పట్టడం మామూలే. నేను గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో, కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు వేసి దాస్తున్నాను. "మీ నికాన్‌కి సరిగ్గా పడుతుందమ్మా, ఏ నికాన్‌కైనా పడుతుంది" అన్నాడు కొట్టతను. డీఎస్ఎల్ఆర్‌ల వరకు అందులో అబద్ధం లేదు. నికాన్ వాళ్ళు 1959లో ఎఫ్ అనే కెమెరాతో మొదలుపెట్టిన బిగింపునే డీఎస్ఎల్ఆర్‌లన్నిటికీ ఉంచారు. కానన్ వాళ్ళు 1987లో తమ బిగింపు మార్చేశారు. అప్పటిదాకా వాళ్ళ లెన్సులు కొన్నవాళ్ళు ఉసూరుమన్నారు గానీ, లెన్సు లోపలే మోటారు పెట్టుకునే వీలుతో కానన్ ముందుకెళ్ళింది. నికాన్ పాత గడప కాపాడుకుంది. దాని చిక్కు దానికుంది. పాత నికాన్ లెన్సుల్లో మోటారు ఉండదు, కెమెరాలో ఉన్న మోటారు దాన్ని తిప్పాలి. నా డి5300లాంటి చిన్న కెమెరాల్లో ఆ మోటారు తీసేశారు. అంటే లెన్సు చక్కగా బిగిసింది, కానీ ఫోకస్ దానంతటది అవదు. కొట్టతను ఈ రెండో ముక్క చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇంటికొచ్చి తగిలిస్తే ఎఫ్-ఈ-ఈ అని మూడక్షరాలు మెరవడం మొదలైంది. "ఫీజు కట్టమంటోందా ఏంటి?" అన్నారు మా వారు. గంటసేపు తంటాలు పడ్డాక తెలిసింది, ఆ పాత లెన్సు మీద అంకెల వలయాన్ని 22 దగ్గరికి తిప్పి గడియ వేసి పెట్టాలని. వేశాను. మెరవడం ఆగింది. ఇక ఫోకస్ చేత్తో తిప్పుకోవడమే. సరిగ్గా కుదిరితే వ్యూఫైండర్ అడుగున చిన్న ఆకుపచ్చ చుక్క వెలుగుతుంది. 1.8 దగ్గర, నాలుగడుగుల దూరంలో, స్పష్టంగా వచ్చే లోతు రెండంగుళాలు కూడా ఉండదు. కన్ను కుదిరితే చెవి మసక. అత్తయ్యగారు ఊపిరి పీల్చి వదిలినా చుక్క ఆరిపోతుంది. వెనక్కిచ్చేద్దామనే అనుకున్నాను.

ఆ రోజుల్లోనే జూలియా మార్గరెట్ కామెరన్ గురించి చదివాను. ఇంటిపేరు కామెరన్, కెమెరాకీ దానికీ సంబంధం లేదు. 1815లో కలకత్తాలో పుట్టింది. భర్త మన దేశపు చట్టాల రచనలో మెకాలేతో పాటు పనిచేసిన న్యాయవేత్త. కూతురి పెళ్ళి చేసి, ఇంగ్లండులో ఐల్ ఆఫ్ వైట్ అనే దీవిలో ఉంటోంది. 1863లో, ఆవిడకి నలభై ఎనిమిదేళ్ళప్పుడు, భర్త సిలోన్‌లో కాఫీ తోటల పని మీద వెళ్ళాడు. అమ్మ ఒంటరిగా ఉందని కూతురూ అల్లుడూ ఒక కెమెరా బహుమతిగా ఇచ్చారు. ఆవిడ బొగ్గుల కొట్టుని చీకటి గది చేసింది. కోళ్ళ గూడుకి అద్దాలున్నాయి కాబట్టి దాన్ని స్టూడియో చేసింది. కోళ్ళని వదిలేసింది! అప్పట్లో గాజు పలక మీద మందు పూసి, అది తడిగా ఉండగానే ఫోటో తీసి, తడిగా ఉండగానే కడగాలి. ఆ మందుకి చేతులూ బట్టలూ నల్లబడేవి. ఆవిడ లెన్సు కూడా పెట్జ్‌వాల్ పద్ధతిలో చేసినదే. పెద్ద పలకలు కావడంతో ఎదుటివాళ్ళు నిమిషాల తరబడి కూర్చోవలసి వచ్చేది. 1864 జనవరిలో ఆనీ అనే చిన్నపిల్ల ఫోటో మొదటిసారి సరిగ్గా కుదిరింది. ఆ తర్వాత టెన్నిసన్, డార్విన్, హెర్షెల్ లాంటి మహామహులు ఆవిడ ముందు కూర్చున్నారు. కానీ నాకు నచ్చినవి మేరీ హిల్లియర్ ఫోటోలు. వాళ్ళింట్లో పనిచేసే అమ్మాయి. ఆ అమ్మాయికి మేలిముసుగు వేసి మేరీమాతగా నిలబెట్టింది.

ఆ కాలపు ఫోటోగ్రఫీ పెద్దలు ఈవిడకి ఫోకస్ చేయడం రాదని పత్రికల్లో వెక్కిరించారు. ఆవిడ చెప్పుకున్నది వేరు. మిగతావాళ్ళు లెన్సు తిప్పి తిప్పి ప్రతి గీతా కోసినట్టు కనపడేదాకా వెళ్తారు, తను మాత్రం కంటికి అందంగా కనపడ్డ చోట ఆపేస్తానంది. ఈ మాట నాకు ఎంత ధైర్యమిచ్చిందో! లెన్సు వెనక్కి ఇవ్వలేదు.

మన దేశంలో హొమాయ్ వ్యారావాలా ఉన్నారు, 1913లో నవ్‌సారీలో పుట్టిన పార్సీ ఆవిడ, మన మొదటి మహిళా పత్రికా ఫోటోగ్రాఫర్. ఆవిడ తీసిన తొలి ఫోటోలు భర్త పేరుతో అచ్చయ్యాయి. బరువైన కెమెరాలు మోసుకుని, చీర కట్టుకుని, ఢిల్లీలో మగ ఫోటోగ్రాఫర్ల గుంపులో నిలబడి స్వాతంత్ర్యపు రోజులన్నీ తీశారు. 1970లో మానేశారంటే మళ్ళీ కెమెరా పట్టలేదు. 2011లో పద్మవిభూషణ్ ఇచ్చారు. 2012 జనవరి 15న ఆవిడ పోయారు. అదే వారంలో, 19వ తేదీన, కొడాక్ కంపెనీ దివాలా రక్షణ కోసం కోర్టుకెళ్ళింది. రెండు వార్తలూ అప్పుడు పేపర్లో చదివే ఉంటాను, ఏదీ పట్టించుకున్న గుర్తు లేదు.

సరే, లెన్సు ఉంది, ధైర్యం ఉంది, అత్తయ్యగారు మాత్రం ఒప్పుకోరు. కెమెరా ఎత్తగానే మొహం కొంగు చాటుకి. "ఫోటోలు తీస్తే ఆయుష్షు తగ్గుతుంది" అంటారు. ఒకరోజు నవ్వుతూనే, "ఎందుకమ్మాయ్, దండ వెయ్యడానికా?" అని అడిగేశారు. నాకు నోట మాట రాలేదు. లేదని అబద్ధం చెప్పలేక, మా అమ్మ పటం సంగతి మొత్తం చెప్పాను. పళ్ళెం, ఎవరిదో చెయ్యి, ఆకుపచ్చ చీర.

ఆవిడ కాసేపు వత్తులు చేస్తూనే ఉండి, అప్పుడు చెప్పారు. పెళ్ళయిన ఏడాది, పదహారేళ్ళప్పుడు, మావయ్యగారితో స్టూడియోకి వెళ్ళారట. వెనక తెర మీద మేడా, హంసలూ. ఫోటో తీసే అతను నల్లగుడ్డలోంచి బయటికొచ్చి, "ఇలా చూడమ్మా" అని గడ్డం పట్టుకుని మొహం పక్కకి తిప్పాడట. మావయ్యగారు చూస్తూ ఉన్నారు, ఏమీ అనలేదు. "పని కోసమే తిప్పాడు, పాపం అతనిది తప్పు కాదులే. కానీ నాకు ఒళ్ళంతా ఎలాగో అయిపోయింది. ఆ ఫోటో తేవడానికి మీ మావయ్య వెళ్తానంటే వద్దన్నాను." అరవై మూడేళ్ళ కిందటి మాట. ఆవిడకి ఫోటోలంటే భయమని మేం ఇన్నాళ్ళూ నవ్వుకున్నాం.

ఆ రాత్రి నాకు రాజా దీన్ దయాళ్ గుర్తొచ్చారు. ఆరో నిజాం కొలువులో ఫోటోగ్రాఫర్, సికింద్రాబాద్‌లో ఆయన స్టూడియో ఉండేది. ఆయన 1892లో హైదరాబాద్‌లో ఆడవాళ్ళ కోసం విడిగా జనానా స్టూడియో తెరిచారు. అక్కడ ఫోటోలు తీసింది మిసెస్ కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల వనిత. పరదా ఉన్న ఇళ్ళ ఆడవాళ్ళు కాబట్టి అలా పెట్టారని చదివినప్పుడు అదేదో నవాబుల ఇళ్ళ ఆచారం అనుకుని దాటేశాను. మా అత్తయ్యగారి పుట్టిల్లు తెనాలి దగ్గర పల్లెటూరు, అక్కడ పరదాలేం లేవు. అయినా ఆవిడకి కావలసింది అదే, ఆవిడ పుట్టకముందే మన ఊళ్ళో ఉన్నదే.

మర్నాడు ఉదయం తొమ్మిదింటికి, మగవాళ్ళిద్దరూ, అంటే మా వారూ మా అబ్బాయీ, బయటికెళ్ళాక, వంటింటి కిటికీ పక్కన అత్తయ్యగారికి పీట వేశాను. "మీ పని మీరు చేసుకోండి, నేను ముట్టుకోను, తిరగమనను" అన్నాను. ఫ్లాష్ లేదు. కిటికీ వెలుతురు ఒక చెంప మీద పడుతోంది, రెండో పక్క నీడ మరీ నల్లగా రాకుండా పిండి జల్లించే తెల్ల గుడ్డ ఒకటి కుర్చీకి ఆరేశాను. 1.8 కాకుండా 2.8 పెట్టాను, రెండు కళ్ళూ కుదరాలని. ఐఎస్ఓ 400, షట్టర్ సెకనులో 125వ వంతు. చేత్తో తిప్పుతూ ఆకుపచ్చ చుక్క కోసం చూడటం. ఆవిడ కదులుతారు, చుక్క పోతుంది, మళ్ళీ తిప్పుతాను. మోటారు ఉండి ఉంటే రెండు నిమిషాల్లో అయిపోయేది. ముప్పావు గంట పట్టింది. ఆ ముప్పావు గంటా ఆవిడ వాళ్ళమ్మ గురించి చెప్తూనే ఉన్నారు. పదిహేనేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం, వాళ్ళమ్మకి ఎడమ చేతి వాటమని నాకు అప్పుడే తెలిసింది.

అరవై రెండు తీస్తే తొమ్మిది కుదిరాయి. ఒకదాంట్లో వత్తి మీదనుంచి తలెత్తి ఏదో అనబోతున్నారు. పాత నేత చీర, అంచు దగ్గర చిన్న చిరుగు, చెంప మీద కుంపటి మచ్చ, అన్నీ ఉన్నాయి. కంప్యూటర్లో పెద్దగా చేసి చూపించాను. చాలాసేపు చూశారు.

"మా అమ్మలా ఉన్నానే" అన్నారు. మళ్ళీ కాసేపటికి, "ఇదే పెద్దది చేయించు. దండ మాత్రం ఇప్పుడే వెయ్యకు" అని నవ్వారు. చీర సంగతి ఆవిడే ఎత్తారు, "చిరుగు కనపడుతోంది, ఉండనీ" అని.

పన్నెండు బై పద్దెనిమిది వేయించాను. స్టూడియో అబ్బాయి "మచ్చ తీసెయ్యమంటారా ఆంటీ?" అని రెండుసార్లు అడిగాడు.

పోయిన ఆదివారం నేను చిక్కుళ్ళు తీస్తుంటే అత్తయ్యగారు వచ్చి, "ఏదీ, అదిలా ఇవ్వు" అన్నారు. కెమెరా పట్టీ మెడలో వేసి, కన్ను పెట్టే చోటు పక్కనున్న చిన్న చక్రం ఆవిడ చూపుకి సరిపడేట్టు తిప్పి, ఆకుపచ్చ చుక్క గురించి చెప్పాను. చేతులు వణుకుతున్నాయి, అయినా లెన్సు బాగానే తిప్పుతున్నారు. టక్‌మంది. చూస్తే చిక్కుళ్ళ పళ్ళెం గింజ గింజా లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంది, నేను మసగ్గా ఉన్నాను. "డిలీట్ చేసెయ్ అమ్మా" అంది మా అమ్మాయి.

"ఎందుకూ డిలీటు? మళ్ళీ తీస్తానుండు" అన్నారు అత్తయ్యగారు. "నువ్వు కదలకమ్మాయ్, ఊపిరి బిగబట్టు."